విషయం ఉంది, వరస లేదు

మహబూబాబాద్ జిల్లాలో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయినిగా పనిచేస్తున్న ఒక పాఠకురాలు, పేరు వేయవద్దని కోరుతూ సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. డిగ్రీ వరకు తెలుగు మాధ్యమంలోనే చదివిన ఈమె, ఉద్యోగం చేస్తూనే దూరవిద్యలో చరిత్ర ఎం.ఏ. పూర్తిచేశారు. గ్రూప్-1 మెయిన్స్ ఒకసారి రాశారు. తక్కిన పేపర్ల సంగతి ఎలా ఉన్నా, జనరల్ ఎస్సే పేపర్‌లో వచ్చిన మార్కులు చూసి నమ్మలేకపోయానని అంటున్నారు. చదువుకునే రోజుల్లో వ్యాసరచన పోటీ ఎక్కడ జరిగినా బహుమతి తెచ్చుకున్న మనిషికి, తెలుగు బాగా రాస్తుందని ఊళ్ళో పేరున్న మనిషికి, సరిగ్గా ఆ వ్యాసమే ఎదురుతిరగడం ఆమెను బాగా కుంగదీసింది.

మళ్ళీ ప్రయత్నించాలని ఆమె హైదరాబాద్‌లోని ఒక కోచింగ్ సెంటర్ నడిపే టెస్ట్ సిరీస్‌లో చేరారు. అక్కడ ఇద్దరు ఆమె జవాబు పత్రాలు దిద్దుతున్నారు. ఒకరు దాదాపు ప్రతి పేజీ అంచునా "విషయం ఉంది, వరస లేదు", "ఒక్క పేరాలో ఎన్ని సంగతులు?" అని రాస్తున్నారు. రెండోవారు, పేరాలు ఎవరూ చదవరు, పాయింట్లుగా రాసి కింద గీతలు కొట్టండి అంటున్నారు. ప్రైవేటు ఉద్యోగం చేసే భర్త, లోపం నీది కాదు, తెలుగు మాధ్యమానిది, ఇంగ్లీషులోకి మారిపో అని పట్టుబడుతున్నారు. పోయినసారి తనతో పాటు పరీక్ష రాసిన స్నేహితురాలు, ముఖ్యమైన అంశాల మీద ముందే తయారుచేసిన పేరాల నోట్సు ఇచ్చి, ఇవి కంఠస్థం చేస్తే చాలంటోంది. బడి, ఐదేళ్ళ పాప, అత్తగారి అనారోగ్యం పోగా రాత్రిపూట రెండు గంటలు మాత్రమే తనకు మిగులుతున్నాయని, వాటిని ఏ దారిలో పెట్టాలో తేలడం లేదని, ఇంట్లో ఈ మాట ఎత్తితే గొడవగా మారుతోందని ఆమె రాశారు. "తెలంగాణలో చెరువుల క్షీణత" అనే అంశం మీద తాను రాసిన వ్యాసంలోంచి ఒక పేరా జతచేసి, ఇందులో లోపమేమిటో, మొదటి వాక్యం ఎలా ఉండాలో, పేరా ఎంత పొడవుండాలో, వాక్యాలను ఎలా కలపాలో చెప్పమని అడిగారు.

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. రెండోసారి చదివింది మీ సమస్య కోసం కాదు, మీ రచన కోసం. మీ భర్త ఏమన్నారో ఒక పేరాలో చెప్పారు. స్నేహితురాలి సలహా మరో పేరాలో ఉంది. దిద్దేవారి మాటలు, వాటి మధ్య వైరుధ్యం ఇంకో పేరాలో వచ్చాయి. ఎక్కడా నాకు దారి తప్పలేదు, ఏ వాక్యాన్నీ వెనక్కి వెళ్ళి మళ్ళీ చదువుకోవలసిన పని పడలేదు. అదే మనిషి రాసిన చెరువుల పేరా దగ్గరకు వచ్చేసరికి మాత్రం, మీ పత్రాలు దిద్దే మొదటివారు అంచున రాసిన మాటే నా నోటికీ వచ్చింది. అందుచేత మీకు పేరా రాయడం రాదనే అనుమానాన్ని ముందు పక్కన పెట్టండి. ఉత్తరం రాసేటప్పుడు మీ ఎదుట మీ పరిస్థితి ఏమాత్రం తెలియని మనిషి ఉన్నాడు, ఆ మనిషికి మీరు ఒక సంగతి అర్థమయ్యేలా చెప్పాలి. వ్యాసం రాసేటప్పుడు మీ ఎదుట పరీక్షకుడు ఉన్నాడు, మీకు ఎంత తెలుసో అతనికి చూపించాలి. తేడా అంతా అక్కడే వచ్చింది.

మీరు పంపిన పేరాను ఇక్కడ యథాతథంగా ఇస్తున్నాను. చదివేవారికి కూడా ఇది అవసరం, ఎందుకంటే పోటీ పరీక్షల తెలుగు వ్యాసాల్లో ఎక్కువ భాగం ఈ తీరులోనే ఉంటుంది.

"తెలంగాణ చెరువుల గడ్డ. కాకతీయులు గొలుసుకట్టు చెరువులు నిర్మించారు. రామప్ప, పాకాల, లక్నవరం చెరువులు నేటికీ వారి దార్శనికతకు నిలువెత్తు నిదర్శనాలు. రామప్ప ఆలయానికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు లభించింది. కాగా 1908 మూసీ వరదల అనంతరం ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నిర్మించబడ్డాయి. ఇదిలా ఉండగా బోరుబావులు పెరిగి చెరువులు నిర్లక్ష్యానికి గురయ్యాయి. దీనివల్ల భూగర్భ జలాలు అడుగంటాయి. 2015లో మిషన్ కాకతీయ ప్రారంభించబడింది. కావున చెరువులను కాపాడుకోవడం మనందరి బాధ్యత."

ఇందులో తప్పుడు సమాచారం లేదు, వ్యాకరణ దోషం లేదు. విడివిడిగా చూస్తే ఏ వాక్యానికీ మార్కు తీసేయలేం. ఇప్పుడు ఒక పని చేయండి. ప్రతి వాక్యం పక్కన, ఆ వాక్యం ఏ ప్రశ్నకు జవాబో రాయండి. చెరువులు ఎవరు కట్టారు? ఇప్పుడు ఏవి మిగిలాయి? ఒక గుడికి ఏ గుర్తింపు వచ్చింది? హైదరాబాద్ జలాశయాలు ఎప్పుడు వచ్చాయి? చెరువులు ఎందుకు పాడయ్యాయి? పాడైతే ఏమైంది? ప్రభుత్వం ఏం చేసింది? మనం ఏం చేయాలి? తొమ్మిది వాక్యాల్లో ఎనిమిది ప్రశ్నలు. ఒక్కొక్క ప్రశ్నకు ఒకటి రెండు వాక్యాల జవాబు దక్కింది, ఏ జవాబూ పూర్తికాలేదు. ఆలయానికి వచ్చిన యునెస్కో గుర్తింపుకూ చెరువుల క్షీణతకూ సంబంధమేమిటో మీకూ తెలియదు. రామప్ప అనే పేరు కలం కిందికి రాగానే ఆ పేరుతో ముడిపడి గుర్తున్న తారీఖు కూడా వచ్చి కూర్చుంది, అంతే.

పేరా గురించి నేను మీకు చెప్పదలచుకున్నది ఒక్కటే. కలం కదిపే ముందు, ఈ పేరా ఏ ఒక్క ప్రశ్నకు జవాబు అన్నది మీకు తెలిసి ఉండాలి. ఆ ప్రశ్నకు పనికివచ్చే సంగతి ఎంత చిన్నదైనా పేరాలో ఉండాలి, పనికిరానిది ఎంత గొప్పదైనా బయటే ఉండాలి. మొదటి వాక్యం ఎలా ఉండాలి, పేరా ఎంత పొడవుండాలి, వాక్యాలను ఎలా కలపాలి అని మీరు అడిగిన ప్రశ్నలన్నిటికీ సమాధానం దీనిలోంచే వస్తుంది.

మీ ఎనిమిది ప్రశ్నల్లో వ్యాసాంశానికి గుండెకాయ లాంటిది ఐదోది: చెరువులు ఎందుకు పాడయ్యాయి? దానికి మీరు ఇచ్చిన జవాబు అరవాక్యం, "బోరుబావులు పెరిగి". ఆ తర్వాతి వాక్యంలో "దీనివల్ల" అన్నారు. దేనివల్ల? బోర్లు తోడేయడం వల్లనా, చెరువులు నిర్లక్ష్యానికి గురికావడం వల్లనా? రెండూ నిజమే, కానీ రెండూ వేర్వేరు దారుల్లో నిజం. బోరు నీటిని పైకి లాగుతుంది. నిండిన చెరువు నీటిని కిందికి ఇంకిస్తుంది. ఒకటి పెరిగి రెండోది తగ్గితే ఏమవుతుందో చెప్పగలిగితే అసలు వ్యాసం అక్కడే ఉంది. "దీనివల్ల" అనే మాట ఆ ఆలోచన చేయకుండానే మిమ్మల్ని ముందుకు దాటించింది. ఆ ఒక్క ప్రశ్ననే పట్టుకుని, మీ ఉత్తరంలో మీ ఊరి చెరువు గురించి మీరే చెప్పిన వివరాలతో, ఆ పేరాను ఇలా రాయవచ్చు:

"చెరువులు పాడుబడటానికి వానలు తగ్గడం కన్నా, వాటిని చూసుకునే కట్టుబాటు సడలిపోవడం పెద్ద కారణం. ఆయకట్టు రైతులందరికీ ఒకే తూము నుంచి నీళ్ళు పారినంత కాలం, పూడిక తీయడమూ కట్టకు గండి పడకుండా కాచుకోవడమూ అందరి అవసరంగా ఉండేవి. ఎవరి పొలానికి ఎప్పుడు నీళ్ళు వదలాలో నీరటి చూసుకునేవాడు. బోరుబావి వచ్చాక, స్తోమత ఉన్న రైతుకు ఆ తూముతో పని లేకుండా పోయింది. పని లేనివాడు పూడిక తీతకు రాలేదు, పని ఉన్న చిన్న రైతులకు ఆ బరువు మోసే శక్తి లేదు. ఏటికేడు పూడిక పేరుకున్న చెరువులో నీరు తక్కువ నిలిచింది, తక్కువ నిలిచిన నీరు తక్కువే ఇంకింది. భూమిలోకి ఇంకే నీరు తగ్గేసరికి చెరువు చుట్టూ వేసిన బోర్లు కూడా ఎండటం మొదలైంది. చెరువును వదిలి బోరును నమ్ముకున్న రైతు, చివరకు చెరువు లేనందువల్లనే బోరును కూడా పోగొట్టుకున్నాడు."

ఇందులో కాకతీయులు లేరు, యునెస్కో లేదు, ఒక్క సంవత్సరం కూడా లేదు. అవి వద్దని కాదు. చెరువులు ఎవరు కట్టారు, ఎందుకు కట్టారు అనే ప్రశ్నకు మరో పేరా కేటాయిస్తే కాకతీయులు అక్కడ హాయిగా ఉంటారు. అక్కడ కూడా "దార్శనికతకు నిలువెత్తు నిదర్శనం" అనే బదులు, కృష్ణా గోదావరులు పారే మట్టం కన్నా ఎత్తున ఉన్న ఈ రాతి నేలకు నదుల నీరు తనంతట తాను ఎక్కిరాదు కాబట్టి, కురిసిన వానను కురిసిన చోటే వాలును బట్టి ఆపుకోవలసి వచ్చిందని చెబితే, దార్శనికత ఏమిటో చదివేవారికే తెలుస్తుంది. పొగడ్త మాట రాయవలసిన అవసరమే రాదు.

ఇప్పుడు ఆ కొత్త పేరాలో వాక్యాలు ఎలా పట్టుకుని ఉన్నాయో చూడండి. రెండో వాక్యంలో వచ్చిన "తూము"ను మూడు వాక్యాల లోపే "ఆ తూముతో పని" అందుకుంది. "పని లేకుండా పోయింది" అన్నదాన్ని "పని లేనివాడు" అందుకుంది. "పూడిక తీతకు రాలేదు" తర్వాత "పూడిక పేరుకున్న చెరువు" వచ్చింది. ముందు వాక్యం ఎక్కడ ఆగిందో అక్కడి మాటతోనే తర్వాతి వాక్యం మొదలవుతోంది. మన గొలుసుకట్టులో పై చెరువు నిండి మత్తడి పోస్తే ఆ నీరు కింది చెరువుకు చేరినట్టు, ముందు వాక్యంలో మిగిలిన సంగతి తర్వాతి వాక్యంలోకి దిగుతోంది. ఇలా దిగినప్పుడు "కాగా", "ఇదిలా ఉండగా", "అంతేకాక" వంటి అతుకు మాటల అవసరం దాదాపు ఉండదు. ఇవి పత్రికల వార్తా రచనలోంచి మనకు అలవాటైన మాటలు. వార్తలో సంబంధం లేని రెండు సంగతులను పక్కపక్కన చెప్పవలసి వస్తుంది కాబట్టి అక్కడ వాటికి పని ఉంది. వ్యాసంలో "ఇదిలా ఉండగా" రాయాలనిపించిందంటే, రాబోయే వాక్యం ఈ పేరాది కాదేమోనని ఆగి చూసుకోండి. "అయితే", "అందువల్ల", "కానీ" వేరు. ఇవి రెండు సంగతుల మధ్య ఉన్న సంబంధాన్ని చెప్పే మాటలు. వీటిని దాచుకోనక్కరలేదు, కానీ సంబంధం నిజంగా ఉన్నప్పుడే వాడాలి. మీ చివరి వాక్యంలోని "కావున" చూడండి. మిషన్ కాకతీయ ప్రారంభమైంది, కావున మనం కాపాడుకోవాలి అన్నట్టు వచ్చింది. ఆ రెంటి మధ్య కార్యకారణం ఏమీ లేదు.

తెలుగు వాక్యంలో మరొక చిక్కు ఉంది. మీరు భాష చెప్పే ఉపాధ్యాయిని కాబట్టి వెంటనే పట్టుకుంటారు. "బోరుబావులు పెరిగి చెరువులు నిర్లక్ష్యానికి గురయ్యాయి" అన్నప్పుడు పెరిగినవి ఒకటి, గురైనవి మరొకటి. "రాముడు ఊరికి వెళ్ళి పొలం చూశాడు" అంటే వెళ్ళిందీ చూసిందీ రాముడే, చిక్కు లేదు. కర్త మారుతున్నప్పుడు కూడా ఈ "పెరిగి, వచ్చి, పోయి"లతో వాక్యాన్ని సాగదీస్తే, ఏది దేనికి కారణమో చెప్పకుండానే చెప్పినట్టు అనిపిస్తుంది. మాట్లాడేటప్పుడు గొంతు, చేతులు ఆ లోటు పూడుస్తాయి, కాగితం మీద ఏదీ పూడ్చదు. కర్త మారిన చోట వాక్యం ఆపి కొత్తది మొదలుపెట్టండి, లేదా "పెరగడంతో", "పెరిగేసరికి", "పెరిగినప్పటికీ" అని సంబంధాన్ని బయటపెట్టండి. ఇలా చేస్తూపోతే, మీరు ఇంతకాలం భాషా సమస్య అనుకున్నది చాలాచోట్ల ఆలోచన పూర్తికాకపోవడమేనని మీకే తెలిసివస్తుంది. "నిర్మించబడ్డాయి", "ప్రారంభించబడింది" అనేవి కూడా అంతే. ఎవరు నిర్మించారో, ఎవరు ప్రారంభించారో చెప్పే బాధ్యత నుంచి అవి తప్పిస్తాయి. ప్రభుత్వ విధానాల గురించి రాసే పరీక్షలో "ఎవరు" అన్నదే సగం జవాబు.

మొదటి వాక్యం సంగతికి వస్తాను. పేరా చెప్పబోయే మాటను మొదటి వాక్యంలోనే పెట్టమని అందరూ చెబుతారు. పరీక్షలో అది క్షేమమైన పద్ధతి, మీరు అదే పాటించండి. గంటలో పేజీలకు పేజీలు తిప్పవలసిన పరీక్షకుడు మీ పేరా ఎటు పోతోందో వెతుక్కోకూడదు. అయితే "తెలంగాణ చెరువుల గడ్డ" వంటిది మొదటి స్థానంలో ఉన్నా ఆ పని చేయలేదు. దాని తర్వాత ఏ వాక్యమైనా రావచ్చు. "చూసుకునే కట్టుబాటు సడలిపోవడం పెద్ద కారణం" అన్నాక ఏ వాక్యం పడితే ఆ వాక్యం రాలేదు. ఎలా సడలిందో చెప్పి తీరాలి. తర్వాతి వాక్యాలను కట్టిపడేసేదే మంచి మొదటి వాక్యం. కథలోనో, సంపాదకీయంలోనో అసలు మాటను చివరికి దాచుకునే పేరాలు కూడా ఉంటాయి. అవి అందంగానే ఉంటాయి, కానీ పరీక్ష హాల్లో వాటికి సమయం లేదు.

చివరి వాక్యం గురించి ఒక మనవి. మీ ప్రతి పేరా "మనందరి బాధ్యత"తోనో "తక్షణ కర్తవ్యం"తోనో ముగుస్తోందని, మీరు పంపిన ఒక్క పేరాను బట్టి అనను గాని, అలాగే ఉంటుందని ఊహిస్తున్నాను. బడి వ్యాసరచన పోటీల్లో ఈ ముగింపుకు బహుమతులు వస్తాయి. ఆ అలవాటు మనలో చాలామందికి అక్కడే అంటింది. పేరా తన ప్రశ్నకు జవాబు చెప్పేశాక ఆగిపోవచ్చు.

ఇక పొడవు. జనరల్ ఎస్సే పేపర్‌కు మూడు గంటలు, 150 మార్కులు. మూడు విభాగాల నుంచి ఒక్కొక్కటి చొప్పున మూడు వ్యాసాలు, ఒక్కొక్కటి సుమారు వెయ్యి మాటలు. అంటే వ్యాసానికి గంట, అందులో ఎనిమిదీ పది నిమిషాలు ఆలోచనకు పోతే రాతకు మిగిలేది యాభై నిమిషాలు. వంద, నూట ఇరవై మాటల పేరాలు ఎనిమిదో తొమ్మిదో పడతాయి. అంటే మీ వ్యాసం ఎనిమిది తొమ్మిది ప్రశ్నలకు మాత్రమే జవాబు చెప్పగలదు. మీకు చెరువుల గురించి ముప్పై సంగతులు తెలిసినా, తొమ్మిది ప్రశ్నల కింద ఇమడనివి వదిలేయాలి. ఆ మొదటి పది నిమిషాల్లో చిత్తు కోసం వదిలిన పేజీలో రాసుకోవలసింది పాయింట్లు కాదు, ప్రశ్నలు. చెరువుల వ్యాసానికైతే: ఈ నేలకే ఇన్ని చెరువులు ఎందుకు? ఎవరు కట్టారు, ఖర్చు ఎవరిది? ఏటా ఎవరు చూసుకునేవారు? ఆ ఏర్పాటు ఎప్పుడు, ఎలా పోయింది? శిఖం భూములు (చెరువు నీళ్ళు నిలిచే నేల) ఏమయ్యాయి? నష్టపోయింది ఎవరు? పూడికతీత పథకం ఏం సాధించింది, ఏం సాధించలేదు? ఒకసారి తీసిన పూడిక మళ్ళీ పేరుకోకుండా రేపు ఎవరు చూస్తారు? ఈ వరసలో ఒక ప్రశ్న జవాబు తర్వాతి ప్రశ్నను లేపుతోంది చూడండి. పేరాకు పేరాకు మధ్య వంతెన వాక్యాలు విడిగా కట్టనక్కరలేదు. ఏదైనా పేరా నాలుగైదు వాక్యాలకే తన జవాబు చెప్పేస్తే అంతటితో ఆపండి, పక్క పేరాతో సమానంగా కనిపించాలని సాగదీయకండి. పేజీ దాటినా ఆగకపోతే అక్కడ రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉంటాయి.

ఇప్పుడు మీ ముందున్న దారుల గురించి మాట్లాడుకుందాం. పత్రాలు దిద్దేవారిలో పాయింట్లుగా రాయమన్న రెండోవారి మాటను పూర్తిగా కొట్టిపారేయను. మెయిన్స్‌లో మిగతా ఐదు పేపర్లలో, "కారణాలు తెలపండి", "లక్షణాలు పేర్కొనండి" అనే తరహా ప్రశ్నలకు ఆ పద్ధతి పనికివస్తుంది, సమయం కూడా మిగులుతుంది. వ్యాసంలో మాత్రం దానివల్ల ఒక నష్టం ఉంది. కారణాలను ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి పేర్చినప్పుడు, బోరుబావి, పూడిక, భూగర్భ జలం అనేవి మూడు వేర్వేరు కారణాలుగా కనిపిస్తాయి. అవి ఒకదాన్నొకటి ఎలా పుట్టించాయో చెప్పే చోటు పాయింట్లలో ఉండదు. వ్యాసంలో పరీక్షించేది ఆ చోటునే. అలా అని మీ సమస్య పాయింట్లతో దాగిపోదా అంటే, కొంత దాగుతుంది. వరస లేని పేరా కన్నా వరస లేని పాయింట్లు కంటికి తక్కువ ఇబ్బంది పెడతాయి. కాబట్టి పరీక్ష మరీ దగ్గర పడి, పేరా చేతికి రాలేదనుకున్నప్పుడు ఆ దారి పట్టినా మిమ్మల్ని తప్పుపట్టను. నాలుగైదు మార్కుల మెరుగు రావచ్చు. అంతకు మించి ఆశించకండి.

స్నేహితురాలి నోట్సును పారేయవద్దు, కానీ కంఠస్థం కూడా చేయవద్దు. తయారైన పేరా మరొకరి ప్రశ్నకు జవాబు. మీ ప్రశ్నపత్రంలో అంశం కాస్త పక్కకు జరిగినా, ఉదాహరణకు చెరువుల క్షీణత బదులు "ఉమ్మడి వనరుల నిర్వహణలో గ్రామ సమాజం పాత్ర" అని అడిగినా, ఆ పేరా సరిపోదు. వచ్చింది కదా అని పెట్టేస్తారు, అక్కడి నుంచి వ్యాసం మీ చేయి దాటిపోతుంది. ఆ నోట్సులోంచి తారీఖులు, పేర్లు, అంకెలు తీసి విడిగా రాసుకోండి, పేరాలను అక్కడే వదిలేయండి. వాస్తవాలు ఏ ప్రశ్న కిందికైనా వస్తాయి.

మాధ్యమం మార్పు వీటన్నిటికన్నా పెద్ద నిర్ణయం, దాన్ని ఒక్క ఎస్సే పేపర్‌ను చూసి తీసుకోకూడదు. కిందటి నోటిఫికేషన్ నిబంధన ప్రకారం జనరల్ ఇంగ్లీషు తప్ప మిగతా పేపర్లన్నీ ఎంచుకున్న ఒకే భాషలో రాయాలి. ఒక పేపర్ ఇంగ్లీషులో, మరొకటి తెలుగులో రాయడానికి వీల్లేదు. కొత్త నోటిఫికేషన్ వచ్చినప్పుడు ఇది మరోసారి చూసుకోండి. అంటే వ్యాసం కోసం మారితే చరిత్ర, పాలన, ఆర్థికం, సైన్స్, తెలంగాణ ఉద్యమం అన్నీ మారినట్టే. మీ ఎం.ఏ. చదువంతా తెలుగులో జరిగింది, రోజుకు మిగిలేది రెండు గంటలు. మీ భర్త మాటలో నిజం ఎంత ఉందో కూడా చెప్పాలి. ప్రామాణిక గ్రంథాలు, నివేదికలు, కోచింగ్ సామగ్రి ఇంగ్లీషులో ఎక్కువ దొరుకుతాయి, తాజా విషయాల మీద తెలుగులో మంచి సామగ్రి వెతుక్కోవాలి. ఈ ఇబ్బంది కల్పితం కాదు. కానీ మీరు పంపిన పేరాను ఇంగ్లీషులోకి మార్చి చూడండి. అక్కడ కూడా తొమ్మిది వాక్యాలు ఎనిమిది ప్రశ్నలకు జవాబు చెబుతూనే ఉంటాయి. వరస లేకపోవడం ఏ భాషలో రాసినా వరస లేకపోవడమే. సామగ్రి కోసం మారాలనుకుంటే అది ఆలోచించదగిన కారణం, పేరాల కోసం మారడం మాత్రం కాదు.

ఇంట్లో గొడవ గురించి రాశారు. మీ భర్త మీకు మార్కులు రావాలనే కోరుకుంటున్నారని మీ మాటల్లోనే కనిపిస్తోంది. వాదనకు దిగే బదులు ఆయనకు ఒక పని అప్పగించి చూడండి. మీరు రాసిన వ్యాసంలో ప్రతి పేరా మొదటి వాక్యాన్ని మాత్రం ఆయన చేత వరసగా చదివించండి, మధ్యలో మీరు ఏమీ వివరించకండి. చదివాక ఈ వ్యాసం ఏం చెబుతోందని అడగండి. ఆయన నాలుగు మాటల్లో చెప్పగలిగితే మీ వరస కుదిరినట్టు. "చెరువుల గురించి ఏదో ఉంది" అంటే కుదరనట్టు. ఈ పనికి సాహిత్యం తెలిసిన మనిషి అవసరం లేదు, విషయం తెలియని మనిషి అయితే మరీ మంచిది. పది నిమిషాల పని. మీ వాదన ఏమిటో ఆయనకూ తెలుస్తుంది, మీ వ్యాసంలో లోటు ఏమిటో మీకూ తెలుస్తుంది. దానికి కూడా ఆయన ఒప్పుకోకపోతే మీ బడిలో ఏ తోటి ఉపాధ్యాయురాలైనా చేయగల పనే ఇది.

పేరాల మీదే దృష్టి పెట్టాలని మీరు నిర్ణయించుకుంటే, దానికీ ఒక మూల్యం ఉంది. మొదటి నెలలో మీ వేగం తగ్గుతుంది. ఒక్క పేరాకు ముప్పావు గంట పట్టి, ఈ లెక్కన మూడు వ్యాసాలు ఎప్పటికి రాస్తానని దిగులు పడతారు. రెండు గంటల్లో పూర్తి వ్యాసం రాయాలని పెట్టుకోకండి. ఒక రోజు ప్రశ్నల వరస మాత్రం రాయండి. మర్నాడు అందులో ఒక్క ప్రశ్నకు ఒక్క పేరా రాయండి. ఆ మర్నాడు దాన్నే తీసి, ప్రతి వాక్యం ఆ ప్రశ్నకు ఏం చేస్తోందో చూసి, ఏమీ చేయని వాక్యాలు కొట్టేయండి. పూర్తి వ్యాసం వారానికి ఒకటి, అదీ గడియారం ముందు పెట్టుకుని, చాలు. పత్రాలు దిద్దే మొదటివారికి ఈ సంగతి చెప్పి, మార్కులు వేయకుండా ప్రతి పేరా పక్కన అది ఏ ప్రశ్నకు జవాబుగా తనకు తోచిందో రాసిపెట్టమని అడగండి. ఆయన రాసిన ప్రశ్న, మీరు మనసులో అనుకున్న ప్రశ్న ఒకటే అయిన పేరాల సంఖ్య వారం వారం పెరుగుతోందా లేదా చూసుకోండి.

రెండు నెలలు ఇలా నడిచినా మార్పు కనిపించకపోతే, లేదా భాష మారాలన్న ఆలోచన మీకే వదలకపోతే, అప్పుడు ఊహల మీద కాకుండా కాగితం మీద తేల్చుకోండి. ఒకే అంశం మీద ఒక వ్యాసం తెలుగులో, మరొకటి ఇంగ్లీషులో, కనీసం పది రోజుల ఎడంతో రాసి, రెండు భాషలూ దిద్దగల ఒకే మనిషికి ఇవ్వండి. దరఖాస్తులో భాష ఎంచుకునే గడువులోపు ఈ పని పూర్తికావాలి. ఇంగ్లీషు వ్యాసం రాసేటప్పుడు తెలుగు వ్యాసాన్ని ఎదురుగా పెట్టుకోకండి. దాన్ని చూస్తూ రాస్తే తేలేది మీ అనువాద శక్తే గాని, ఆ భాషలో మీరు ఎంత తిన్నగా ఆలోచించగలరో కాదు.